వెతికే పెట్టెలో మా నాయన

మా నాయనకు తెలుగు చదవడం రాదు. ఈ సంగతి నాకు నడివయసు వచ్చాక, నేనే నడిపే వెబ్‌సైటు ద్వారా తెలిసింది. తెలిసిన తీరు తలచుకుంటే ఇప్పటికీ ముఖం ఎక్కడ దాచుకోవాలో తెలియదు.

మాది మధురై పక్కన తిరుమంగళం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. మా వాళ్ళు ఈ వైపుకు ఎప్పుడు వచ్చారని అడిగితే ‘రాజుల కాలంలో’ అంటారు, అక్కడితో ఆగుతారు. మాట నిలిచింది గానీ రాత నిలవలేదు. మా వీధిలో తెలుగు మాట్లాడని ఇల్లు లేదు. తెలుగు చదవగలిగిన మనిషి మాత్రం ఒక్కడే ఉన్నాడని అందరి నమ్మకం. ఆ ఒక్కడు మా నాయన.

మా నిశ్చితార్థాలలో తంతు అంతా తమిళంలో సాగినా లగ్నపత్రిక మాత్రం తెలుగులోనే చదవాలి. మగపెళ్ళివారి తరఫు పెద్ద ఒకరు లేచి నిలబడి, పురోహితుడు రాసిచ్చిన, పసుపు అద్దిన ఆ కాగితాన్ని పట్టుకుని అందరికీ వినిపించాలి. ఎవరింట్లో నిశ్చితార్థమైనా నాయనకే కబురు వచ్చేది. బోడినాయకనూరులో ఏలక్కాయల వ్యాపారం చేసే చుట్టాలైతే కారు పంపేవాళ్ళు. ఆయన గొంతు సవరించుకుని మొదలుపెట్టగానే ఆడవాళ్ళు పిల్లల్ని ఊరుకోబెట్టేవాళ్ళు. నేను పక్కన నిలబడి కాగితంలోకి తొంగిచూసేదాన్ని. ఆ గుండ్రటి అక్షరాలన్నీ మా నాయనకు వచ్చునని నాకు మహా గర్వం. చదవబోయే ముందు ఆయన రెండు ఇళ్ళవాళ్ళనూ పిలిచి పిల్ల పేరు, పిల్లాడి పేరు, ఇంటిపేర్లు, నక్షత్రాలు, ముహూర్తం అడిగి మరీ తెలుసుకునేవారు. ఎంత జాగ్రత్త గల మనిషి అని అందరూ మెచ్చుకునేవాళ్ళు, నేనూ మెచ్చుకున్నాను.

కోయంబత్తూరులో కాపురం పెట్టాక నేను పట్టుబట్టి తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. తరవాత మాలాంటి ఇళ్ళ కోసం, అంటే నోట తెలుగు ఉండి కంట తెలుగు లేనివాళ్ళ కోసం, తమిళంలో వివరిస్తూ తెలుగు చదవడం నేర్పే వెబ్‌సైటు మొదలుపెట్టాను. పాఠాలు చెప్పడం కంటే పాఠాల దగ్గరికి మనుషుల్ని రప్పించడమే పెద్ద పని అని త్వరలోనే అర్థమైంది.

యాడ్ చూసి కాకుండా తమంతట తాము వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు ఏ మాట వెతికితే మన పేజీ దొరికిందో తెలియాలి. తెలిస్తే ఆ మాటనే పేజీ నెత్తిన రాసి మరింతమందిని లాగవచ్చు. ఈ విద్యకు చాలా పెద్ద పేర్లున్నాయి గానీ అసలు సంగతి ఇంతే. ఒకప్పుడు ఆ మాటలు వెబ్‌సైటు లెక్కల్లో నేరుగా కనిపించేవట. నేను వచ్చేసరికి వాటన్నిటి బదులు ఒకే ముక్క ఉండేది: ‘ఇవ్వలేదు’. వెతికేవాళ్ళ గుట్టు బయటపడకూడదని సెర్చ్ కంపెనీ దాచేసింది.

దాచారంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరైనా గుసగుసలాడుకుంటుంటే అది నా గురించి కాకపోయినా వినేదాకా తోచదు. అందుకని తవ్వడం మొదలుపెట్టాను. ఆ కంపెనీయే సైటు యజమానులకు ఇంకో నివేదిక ఇస్తుంది. ఫలానా పేజీ ఫలానా మాటలకు కనిపించింది అని అందులో ఉంటుంది. నా లెక్కల్లో జనం ఏ పేజీలో దిగారో, ఏ ఊరినుంచి వచ్చారో ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని పేజీకి పేజీ సరిపోల్చుకుంటూ పోతే దాచిన మాటలు చాలామటుకు తిరిగి దొరికాయి. ఒకరో ఇద్దరో మాత్రమే వెతికిన మాటలను ఆ నివేదిక కూడా చెప్పదు. దానికీ ఒక దారి కనిపెట్టాను. నా సైటులోనే, పైన, వెతకడానికి ఒక పెట్టె ఉంది. అందులో ఎవరేం రాసినా అది నా ఇంట్లో పడ్డ మాటే కాబట్టి, ఊరి పేరుతో సహా నాకు చేరేలా సర్దుకున్నాను. పెద్ద తెలివైనదాన్నని మురిసిపోయాను.

తవ్వగా తేలిందేమిటంటే, నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది వెతికేది మాతృభాష గొప్పతనం కాదు. ‘తెలుగు లగ్నపత్రిక తమిళ అక్షరాల్లో’ అని వెతుకుతున్నారు. మధురై చుట్టుపక్కల నుంచి మరీ ఎక్కువ. ఇక పెట్టెలో తిరుమంగళం నుంచి ఎవరో మళ్ళీ మళ్ళీ వచ్చి, తమిళ అక్షరాలతో తెలుగు మాటలు రాస్తున్నారు. మామూలుగా జనం రెండు మూడు మాటలు విసిరి పోతారు. ఈ మనిషి మాత్రం పూర్తి వాక్యాలు రాస్తున్నాడు.

‘అమ్మాయి వాళ్ళు రాసిన లగ్నపత్రికె చదివేది ఎట్లమ్మా.’

‘పెద్ద వయసులో తెలుగు ఎళుత్తు వస్తాదామ్మా.’

ఎళుత్తు అంటే అక్షరం. నేను పగలబడి నవ్వాను. నవ్వి, మా ఆయనకు ఫోను చూపించాను.

“చూడు, పెట్టెతో మాట్లాడతా ఉండాడు. అమ్మా అంట.”

“పాపం, ఎవరో పెద్దాయన. వదిలెయ్” అన్నాడు మా ఆయన.

“పాపమేంది? తెలుగు రాకుండానే సబలో నిలబడి చదివినట్టు నటించేది, ఊరంతా పెద్దమనిషి అనిపించుకొనేది. ఇట్లాంటోళ్ళే మనకు కస్టమర్లు.”

ఆ మనిషి మా ఊరివాడని తెలిసినా మా నాయన నా తలపుకే రాలేదు. మా నాయనకు తెలుగు వచ్చు కదా.

దొరికిన మాటను ఊరికే వదలడం మా పనిలో తెలివితక్కువ కింద లెక్క. కాబట్టి పేజీ నెత్తిన ఇలా రాశాను: ‘రాని తెలుగును వచ్చినట్టు చదువుతున్నారా? లగ్నపత్రిక రోజు దొరికిపోక ముందే నేర్చుకోండి.’ దీన్ని తమిళంలో రాశాను. తెలుగు చదవలేనివాళ్ళకు తెలుగులో రాస్తే ఏం లాభం? అదే వాక్యంతో మధురైకి, తిరుమంగళానికి యాడ్ కూడా పెట్టాను. బాగా పనిచేసింది. మా చుట్టాల ఫోను గ్రూపులో కూడా ఎవరో దాన్ని పంచారు. ‘ఇది ఎవరి గురించో తెలుసులే’ అని ఒకరు, నవ్వు బొమ్మలు పదిమంది. రాసింది నేనేనని చెప్పుకుని మెప్పు కూడా పొందాను. ఆ గ్రూపులో నాయన ఉన్నారు. ఆయనెప్పుడూ అందులో ఏమీ అనరు.

అప్పటికి కొద్ది రోజుల ముందే మా తమ్ముడికి సంబంధం కుదిరింది. అమ్మాయి వాళ్ళది నెల్లూరు. ఇద్దరూ బెంగళూరులో ఒకే ఆఫీసు. నిశ్చితార్థం మధురైలో మండపంలో చేద్దామని, పత్రిక తమ పురోహితుడే రాసుకొస్తాడని అమ్మాయి వాళ్ళు అన్నారు. మేం సరే అన్నాం. ‘మన మాదిరే రాస్తారా, వేరే మాదిరా’ అని నాయన రెండు మూడుసార్లు అడిగారని అమ్మ ఫోనులో చెప్పింది. కొడుకు పెళ్ళి కదా, హడావిడి పడుతున్నారు అనుకున్నాను.

నిశ్చితార్థానికి కొద్ది రోజుల ముందు ఊరికి వెళ్ళాను. నాయన తన ఫోను నా చేతికిచ్చారు.

“ఇది నిలిచి నిలిచి పోతా ఉండాది. ఏమని చూడు పాపా.”

ఫోను తెరిచాను. నా వెబ్‌సైటు తెరిచే ఉంది. కూతురి పని చూసుకుంటున్నారని ముచ్చటపడి, ఎలా కనిపిస్తోందో చూద్దామని పైన పెట్టె మీద వేలు పెట్టాను. ఇంతకుముందు రాసిన మాటలను ఫోను తనంతట తానే వరసగా చూపించింది. ‘చదివేది ఎట్లమ్మా.’ ‘ఎళుత్తు వస్తాదామ్మా.’

నాయన ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉన్నారు. తల ఎత్తలేకపోయాను. పేర్లు, నక్షత్రాలు ముందే అడిగి తెలుసుకోవడం ఎందుకో అప్పుడు తెలిసింది. మిగతా పాఠమంతా వాళ్ళ నాయన దగ్గర చెవితో నేర్చుకున్నది. ఏ పెళ్ళికైనా అదే పాఠం. కాగితం చేతిలో ఉంటుంది గానీ చదువు నోట్లో ఉంటుంది. నెల్లూరు వాళ్ళ కాగితం అలా కాదు. అందులో ఏముంటుందో ఆయనకు తెలియదు, పక్కన నిలబడి వినేవాళ్ళకు మాత్రం తెలుసు.

ఫోను బాగుచేసి ఇచ్చాను. మధ్యాహ్నం మేడ మీదికి వెళ్ళి యాడ్ ఆపేశాను, పేజీ మీది వాక్యం తీసేశాను. ఆయన పక్కన కూర్చుని నాలుగు అక్షరాలు దిద్దించడానికి రోజులు మిగిలే ఉన్నాయి. కనీసం అమ్మాయి వాళ్ళను అడిగి పత్రిక ముందే తెప్పించి, చదివి వినిపించి ఉంటే ఆయన ఒకసారి విని కంఠస్థం చేసేవారు. కానీ అలా చేస్తే నాకు తెలిసిపోయిందని ఆయనకు తెలుస్తుంది. ఆ మాట నా నోటితో ఎలా అనడం? ఏమీ ఎరగనట్టు ఉండటమే మర్యాద అనుకున్నాను. మర్యాద కాదు, భయం. అందరికీ తెలుగు నేర్పుతానని ఊళ్ళకు ఊళ్ళు చాటిన దాన్ని, ఇంట్లో నోరు మూసుకుని మురుకులు చుట్టాను.

మండపంలో అన్నీ సవ్యంగానే జరిగాయి. పురోహితుడు పత్రిక తెచ్చి నాయన చేతికిచ్చాడు. బోడినాయకనూరు నుంచి వచ్చిన చుట్టాలు కుర్చీలు ముందుకు జరుపుకున్నారు. నాయన కాగితం విప్పారు. గొంతు సవరించుకున్నారు. కాసేపు చూసి, జేబు తడుముకున్నారు.

“కన్నాడి ఇంట్లోనే మరిచి వచ్చేస్తిని. మీరే చదవండి” అని కాగితాన్ని పెళ్ళికూతురి పెదనాన్నకు అందించారు.

కళ్ళద్దాలు ఆయన చొక్కా జేబులోనే ఉన్నాయి. పలచటి తెల్ల చొక్కా, అందరికీ కనబడుతూనే ఉంది. ఆ పెదనాన్న గలగలా చదివేశాడు. నాయన చేతులు కట్టుకుని విన్నారు. మా చుట్టాల్లో ఒకాయన పక్కవాడి మోకాలు తట్టి ఫోను వైపు చూపించడం నేను చూశాను. ఎందుకు చూపించాడో నాకు తెలుసు. ఆ వాక్యం నేనే రాశాను.

భోజనాలయ్యాక చేతులు కడుక్కునే చోట ఆయన ఒక్కరే ఉన్నారు. దగ్గరికి వెళ్ళాను. ఏం చెప్పాలనుకున్నానో నాకే తెలియదు.

“నాయనా, ఆ పెట్టెలో మీరు రాసింది...”

“నీకు వచ్చి చేరిందా?” అన్నారు. కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టుంది.

“చేరింది.”

“చేరతాదనే రాస్తిని. నీ కడ గదా ఉండేది. ముఖం చూసి అడిగేదానికి సిగ్గుగా ఉండె. పేరు లేకుండా రాస్తే నువ్వు ఎవరో అనుకొని జవాబు చెప్తావని అనుకొంటిని.”

ఆయన కొళాయి కట్టేసి, తువ్వాలుతో చేతులు నిదానంగా తుడుచుకున్నారు.

“నువ్వూ జవాబు పెడితివి గదమ్మా” అన్నారు. “పరవాలేదు. అది తమిళంలో ఉండె. నాకు చదవ వచ్చె.”