నాయనకు చేసిన మోటారు
మాది కోయంబత్తూరు పీలమేడు. నాయన బావి పంపుల మోటార్లకు వైండింగ్ చేసి మమ్మల్ని పెంచారు. అమావాస్య తర్వాత మూడోనాటి నెలవంకను చూడడం మా ఇంటి ఆచారం. పని మానేశాక ఆయన టెలిస్కోపు కొనుక్కుని అందులోంచే చూసేవారు. ఈమధ్య చేతులు వణుకుతున్నాయి. ఫోకస్ మర ముట్టుకుంటే చాలు, లోపల చందమామ ఎగిరెగిరి పడేది. చివరికి దానిమీద గుడ్డ కప్పేశారు.

అందుకే ఆ మరకు చిన్న మోటారు బిగించి, దూరంనుంచి నొక్కేలా, ముందుకొకటి వెనక్కొకటి, రెండు మీటల డబ్బా చేశాను. మూడోనాటి సాయంత్రం మేడమీద ముందుకు తిప్పే మీట నొక్కితే అది వెనక్కి తిరిగింది. రెండో మీట నొక్కితే సరిపోయేది. కానీ వెనక్కి తిరిగే మోటారును నాయన ఓర్చుకోలేరు. ఎప్పటిలాగే నన్ను ముద్దుగా ‘కన్నూ’ అని పిలిచి చెప్పారు.

“రెండు వైర్లు మాత్తి పెట్టు కన్నూ, సరిగా తిరుగుతాది.”

మూడు వైర్ల పంపు మోటార్లకు ఆయన చేసింది అదే; వాటిలో ఏ రెండు మార్చినా తిరిగే దిక్కు మారుతుంది. నేనూ ఆలోచించకుండా ఏవో రెండు వైర్లు మార్చాను. లోపల రెండు తీగచుట్టలు, చుట్టకు రెండేసి చొప్పున నాలుగు వైర్లు ఉన్న ఈ మోటారుకు ఆ లెక్క చెల్లదు. నొక్కగానే అది తిరగకుండా ఉన్నచోటే గజగజ వణికింది.

నాయన దాన్ని చూసి, తన చేతిని చూసుకున్నారు.

“దీనికిన్నీ నా వ్యాధే వచ్చిండాది.”

నెలవంక కొబ్బరి మట్టలదాకా దిగింది. ఒకే చుట్టకు చెందిన రెండు వైర్లు వెతికి తారుమారు చేసి, డబ్బా ఆయన ఒళ్లో పెట్టాను. టెలిస్కోపులోకి చూస్తూ, వణికే వేలితోనే నొక్కారు.

“కదలకుండా నిలబడిండాది కన్నూ!”

మోటార్ల మధ్యే పెరిగినా, ఒకటి సరిగా తిరిగినందుకు నేను అంతగా కదిలిపోయింది ఆ రోజే. ఆయన లేచాక నేనూ చూశాను. కన్నీళ్లలో నాకు మాత్రం నెలవంక వణుకుతూనే కనబడింది.