నలుపు గిట్టని పాండురంగయ్య

గవర్నర్‌పేటలో పాండురంగయ్య తన వీధిగదినే ఫొటో స్టూడియో చేసుకున్నాడు. ఉత్తరపు కిటికీకి పలచని మల్లుగుడ్డ కట్టి, దానికెదురుగా ఉతికిన తెల్లపంచె వేలాడదీసి, వెలుతురును తానే కనిపెట్టినట్టు మీసం దువ్వుకునేవాడు. వచ్చినవాళ్ల పేరైనా అడక్కుండా గడ్డం పట్టుకు తిప్పి, "నలుపేనండీ, అయినా నా చేతిలో పడ్డారుగా!" అంటూ మొహానికి ఇంత పౌడరు అద్దేవాడు. అదీ చాలకపోతే నెగెటివు మీద పెన్సిలు రుద్ది మచ్చలూ ముడతలూ మాయం చేసేవాడు. ఆయన గోడమీద బెజవాడ జనమంతా సున్నం కొట్టినట్టుండేవారు.

కంకిపాడులో మగ్గం నేసుకునే చౌడేశ్వరి కొడుకు పటాలానికి పోతూ పాండురంగయ్య దగ్గరే ఫొటో దిగాడు. బర్మా యుద్ధంలో పోయాడు. ఆ ఒక్క ఫొటో కొంగులో చుట్టుకుని ఆవిడ వచ్చింది.

"మావాడికి బుగ్గలనిండా స్ఫోటకం మచ్చలండీ. ఇందులో ఒక్కటీ లేదు. ఎవరో దొరబిడ్డలా ఉన్నాడు. నా కొడుకు మొహం నాకిప్పించండి బాబూ."

తన పనితనాన్ని మెచ్చుకుంటోందనుకున్నాడు కాబోలు, పాండురంగయ్య ముసిముసిగా నవ్వాడు. ఫొటో అందుకుని బల్లమీద పెట్టి, తీరిగ్గా పెన్సిలు చెక్కుకుంటూ అడిగాడు.

"అదెంత భాగ్యమమ్మా! ఎన్ని చుక్కలు పెట్టమంటారు?"