కన్యక వద్దన్న ఇల్లు

అనకాపల్లిలో కన్యక పెరిగిన ఇళ్ళన్నీ అద్దె ఇళ్ళే. తండ్రి సింహాచలం బెల్లం మార్కెట్లో ఒక షావుకారు దగ్గర గుమస్తా. వ్యాపారుల కుటుంబంలో పుట్టినా ఆయనకి కొట్టూ లేదు, గూడూ లేదు. ఇంటివాళ్ళ అబ్బాయికి పెళ్ళి కుదిరితే ఖాళీ చెయ్యాలి, అమ్మాయి పురిటికొస్తే ఖాళీ చెయ్యాలి. సామానంతా తోపుడుబండి మీదకెక్కించి, వెనక పిల్లల్ని నడిపించుకుంటూ వీధి మారడం ఆ ఇంట్లో పండగలంత మామూలు.

ఏ వాటాలో దిగినా మొదటి మాట ఒకటే. "గోడకి మేకులు కొట్టకండి." అందుకని తల్లి సూర్యకాంతమ్మ దేవుడి పటాల్ని పురికొసతో కిటికీ ఊచలకి కట్టేది. చుట్టాలొస్తే గుసగుసగా మాట్లాడుకోవాలి. కన్యక పదో తరగతి పరీక్షలప్పుడు మేనత్త కుటుంబం వచ్చి ఉండిపోతే, నీళ్ళు ఎక్కువ వాడుతున్నారని ఇంటావిడ మోటారు కట్టేసింది. లెక్కల పరీక్షకి కన్యక స్నానం లేకుండా వెళ్ళింది. బెంచీలో పక్కనున్న పిల్ల ముక్కు చిట్లించి అటు జరిగింది. ఎన్నో మర్చిపోయిన కన్యక ఆ జరగడాన్ని మాత్రం మర్చిపోలేదు.

పెళ్ళయ్యేక భర్త ఫణీంద్రని ఆమె చీరలడగలేదు, నగలడగలేదు. "మనదని చెప్పుకునే ఇల్లొకటి ఉండాలండీ" అంది. అతను కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ. పొద్దున్నే కంపెనీ బస్సెక్కి అచ్యుతాపురం వెళ్ళి, మందుల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పనిచేసి చీకటిపడ్డాక వచ్చేవాడు. ఆమె ఒక ప్రైవేటు స్కూల్లో హైస్కూలు పిల్లలకి లెక్కలు చెప్పేది. ఇద్దరూ కూడబెట్టి, బ్యాంకు లోను తీసుకుని, ఊరి చివర కొత్త లేఅవుట్లో చిన్న డాబా వేసుకున్నారు. గృహప్రవేశం నాడు పట్టుచీర కొంగు బొడ్లో దోపుకుని, సుత్తి పట్టుకుని, హాల్లో మేకులన్నీ తనే కొట్టింది కన్యక. చుట్టాలు నవ్వేరు. ఎందుకు నవ్వుతున్నారో ఆమెకి అర్థం కాలేదు.

వాళ్ళ కూతురు పావని మూడో తరగతిలో ఉండగా ఫణీంద్రకి ఐర్లండులో కార్క్ అనే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. అదీ మందుల కంపెనీయే. జీతం మాట విని సూర్యకాంతమ్మ దిష్టి తీసింది. "ముందు నేనెళ్ళి ఇల్లు చూస్తాను. ఆర్నెల్లు తిరక్కుండా మీరొచ్చేస్తారు" అన్నాడు ఫణీంద్ర. కుటుంబానికి వీసా అడగాలంటే వాళ్ళుండడానికి చోటు చూపించాలి. చోటు దొరకడం ఎంతసేపు అనుకున్నారు.

అక్కడ ఉద్యోగాలున్నాయి గానీ ఇళ్ళు లేవు. ఒక ఇల్లు అద్దెకుందంటే దాని ముందు వీధి మలుపు దాకా జనం. ఫణీంద్ర మరో నలుగురు మగాళ్ళతో ఒక ఇంట్లో చేరి, మేడమెట్ల కింద గదిలో పడుకుంటూ, సెలవుపూట ఇళ్ళ కోసం తిరిగేవాడు. ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేసి చెప్పేవాడు.

"ఈ వారం కూడా లేదు కన్యకా. పిల్ల ఉందంటే ఇవ్వట్లేదు."

"అద్దెకెందుకండీ అంత పాకులాట? అక్కడా కొనుక్కోవచ్చు కదా?"

"కొత్తగా వచ్చినవాడిని. బ్యాంకువాళ్ళు చాలా అడుగుతారు. ముందు అద్దెకి దిగుదాం. మీరొచ్చేక నెమ్మదిగా చూద్దాం."

"ఒకసారి అద్దెకి దిగితే అదే అలవాటైపోద్ది. మా నాన్న కూడా నెమ్మదిగా చూద్దామనే అనేవారు."

ఇలా ప్రతి ఆదివారం ఒకే మాట అటూ ఇటూ తిరిగేది. అద్దెకా, సొంతానికా. ఒకసారి ఈ గొడవ విని సూర్యకాంతమ్మ కలగజేసుకుంది.

"అద్దె ఇళ్ళల్లోనే కదే మీ అందర్నీ పెంచేను? ఏటయిపోయేరు?"

"ఏటయిపోయేమో నీకు తెలీదమ్మా" అంది కన్యక.

చలికాలంలో ఒకరోజు సాయంత్రం, స్కూల్లో ఆఖరి బెల్లు కొట్టేక, ఫణీంద్ర వీడియో కాల్ చేసేడు. అతను వర్షంలో రోడ్డు మీద నిలబడి ఉన్నాడు. ముఖం వెలిగిపోతోంది.

"దొరికింది కన్యకా! మేడ మీద రెండు గదులు, వంటిల్లు. కింద మాంసం కొట్టు ఉంది గానీ వీధి మంచిది, బడి దగ్గర. ఇంటావిడ పెద్దావిడ. పావని ఫొటో చూపిస్తే ముచ్చటపడింది. సాయంత్రంలోగా చెప్పమంది. నా వెనకాల ఇంకా చాలామంది ఉన్నారు."

"మాంసం కొట్టు మీదా?" అంది కన్యక. "సరే, ఇంకా ఏమంది?"

అతను కాస్త తటపటాయించేడు. "అందరూ అనేవే. గోడలకేమీ తగిలించకూడదు. పోపుల వాసన రాకూడదు. చుట్టాల్ని ఉంచుకోకూడదు. ఏడాదయ్యేక మళ్ళీ చూస్తానంది."

స్టాఫ్‌రూములో ఎదురుగా టీచర్లు క్యారేజీలు సర్దుకుంటున్నారు. అయిదువేల మైళ్ళ అవతల, ముక్కూమొహం తెలీని ముసలావిడ నోట అవే మాటలు, ఒక్కటీ పొల్లుపోకుండా.

"మళ్ళీ అదే బతుకా అండీ?"

"అదే బతుకే. కానీ ముగ్గురం ఉంటాం."

ఆ మాట దగ్గర ఆమె ఆగి ఉంటే సరిపోయేది. ఆగలేదు.

"వద్దండీ. నా కూతురు ఇంకొకళ్ళ గోడల్ని చూసి భయపడుతూ పెరగకూడదు. ఈ ఇల్లు అమ్మేద్దాం. ఆ డబ్బు పెట్టి అక్కడ కొందాం. కొన్ని నెలలు ఆలస్యమైతే అవనీ."

గొడుగు మీద వాన చప్పుడు వినిపిస్తోంది.

"మళ్ళీ దొరకదు కన్యకా."

"దొరక్కపోతే పోనీండి."

"సరే. నీ ఇష్టం" అని పెట్టేసేడు. స్పెషల్ క్లాసుకెళ్ళి బోర్డు మీద లెక్క వేస్తున్నప్పుడు కన్యకకి గెలిచినట్టే అనిపించింది.

డాబాని నర్సీపట్నం నుంచొచ్చిన ఒక కాంట్రాక్టరు కొనుక్కున్నాడు. మంచి ధరే వచ్చింది, బ్యాంకు లోను పోనూ బాగానే మిగిలింది. కన్యక స్కూలు మానేసింది. పావని టీసీ తీసుకుంది. బీరువా, మంచాలు, మిక్సీ దగ్గరివాళ్ళకి ఇచ్చేసింది. ఎలాగూ రెండు నెలలే కదా అని ఊళ్ళోనే గవరపాలెంలో అప్పలకొండమ్మ ఇంట్లో మేడ మీది వాటాలోకి దిగింది. అప్పలకొండమ్మది చెరుకు రైతుల కుటుంబం, మనసు మంచిది, నోరు పెద్దది.

కార్క్‌లో ఇల్లు కుదిరింది కూడా. అక్కడ ఇల్లు కొనడమూ వేలంపాటేనని ఫణీంద్ర చెప్తే కన్యక నవ్వుకుంది. బెల్లం దిమ్మల చుట్టూ షావుకార్లు నిలబడి పాట పాడడం ఆమె చిన్నప్పట్నుంచీ చూసిందే. కాకపోతే మార్కెట్లో పక్కనున్నవాడు ఎవడో కనిపిస్తాడు. అక్కడ మనిషి కనపడడు, ఫోన్లో పాట మాత్రం పెరుగుతుంది. చివరికి పాట వీళ్ళ పేరునే ఖాయమైంది. వరసగా ఉన్న ఇళ్ళలో చివరిది, వెనక చిన్న పెరడు. ఆ ఫొటోని కన్యక ఫోన్లో పెట్టుకుని వచ్చినవాళ్ళందరికీ చూపించింది. పెరట్లో కరివేపాకు బతుకుతుందా అని అడిగింది. లాయర్ల మధ్య కాగితాలు తిరుగుతున్నాయన్నాడు ఫణీంద్ర. తిరుగుతూనే ఉన్నాయి. సంతకాలింకో వారంలో అనగా అమ్మేవాళ్ళు వెనక్కి తగ్గేరు. వాళ్ళు కొనుక్కోబోయే ఇల్లు తప్పిపోయిందట. వాళ్ళెక్కడికీ వెళ్ళరట, అందుకని ఇది అమ్మరట.

"అలా ఎలా కుదురుతుందండీ? మాటిచ్చేరు కదా?"

"సంతకం అయ్యేదాకా అక్కడ మాటకి విలువలేదు."

రెండో ఇల్లు పాటలో పోయింది, మూడోదీ పోయింది. ఇంతలో ఇళ్ళ ధరలు వీళ్ళకి అందనంత ఎత్తుకి వెళ్ళిపోయేయి. కన్యకే దిగొచ్చి, "పోనీ అద్దెకే చూడండి. ఏదైనా పర్వాలేదు" అంది. అప్పటికి అద్దెలు కూడా అలాగే ఉన్నాయి. ఆ తర్వాత ఫణీంద్ర కంపెనీ అతని విభాగాన్ని మూసేసింది. అక్కడ పనిచేసుకునే పర్మిట్ పోకుండా ఉండడానికి అతను దొరికిన ఉద్యోగం పట్టుకుని వేరే ఊరు మారేడు. కొత్త ఉద్యోగంలో కొన్నాళ్ళు నిలబడితే గానీ లోను మాట ఎత్తమన్నారు బ్యాంకువాళ్ళు.

ఇక్కడ రెండు నెలలు రెండేళ్ళయ్యేయి. వీధిలో అడుగుపెడితే చాలు, "ఇంకా వెళ్ళలేదా?" అనేవారు. పాలవాడు అడిగేవాడు, రైతుబజార్లో తోటి టీచర్లు అడిగేవారు. అప్పలకొండమ్మ అయితే రోజూ మెట్ల దగ్గర నిలబడి, "ఏటమ్మా, ఎప్పుడేటి పెయాణం? అబ్బాయి టిక్కెట్లు తీసేడా?" అనేది. మొదట్లో కన్యక నవ్వుతూ వచ్చే నెల అనేది. తర్వాత చూడాలండి అనేది. తర్వాత కూరలు తేవడానికి ఎండ మండే వేళ, వీధిలో ఎవరూ ఉండరని చూసుకుని వెళ్ళడం మొదలుపెట్టింది. మధ్యలో చేర్చిన బడిలో పావనికి పిల్లలు 'ఐర్లండు' అని పేరు పెట్టేరు. ఒకరోజు ఆ పిల్ల స్కూలు బ్యాగు మూలకి విసిరేసి, "అమ్మా, మనం వెళ్తామా వెళ్ళమా? ఏదో ఒకటి చెప్పు" అంది. కన్యక కంచం కడిగి తెచ్చింది. అన్నం పెట్టింది.

మూడో ఏడు ఫణీంద్ర సెలవు మీద వచ్చేడు. స్టేషన్లో అతన్ని చూసి కన్యక ప్రాణం ఉసూరుమంది. జుట్టు పల్చబడింది. అంతకంటే అతని పద్ధతి మారిపోయింది. తలుపు చప్పుడు కాకుండా మూస్తాడు. తిన్న కంచం ఆ నిమిషమే కడిగి, తుడిచి, ఎక్కడ తీసేడో అక్కడే పెడతాడు. ఫోన్లో మాట్లాడాలంటే వరండాలోకెళ్ళి గుసగుసగా మాట్లాడతాడు. సొంత పెళ్ళాం, కూతురి దగ్గర కూడా ఎవరింట్లోనో ఉన్నట్టే ఒదిగి ఉన్నాడు. తన తల్లి అద్దె వాటాల్లో ఇలాగే తిరిగేది. కూతురికి ఏది రాకూడదనుకుందో అది భర్తకి వచ్చి పడిందని కన్యకకి అప్పుడు తెలిసింది.

వెళ్ళేముందు ఒక మధ్యాహ్నం, పావని బడికెళ్ళేక, అతను మంచం అంచున కూర్చుని చెప్పేడు.

"ఇంక ఇల్లు వద్దు కన్యకా. కొనడమూ వద్దు, అద్దెకి వెతకడమూ వద్దు. నాకు ఓపిక లేదు."

"మరి మేం?"

"తెలీదు."

"పోనీ మీరే వచ్చెయ్యండి. అచ్యుతాపురంలో ఏదో ఒకటి దొరక్కపోదు."

"అడిగేను. నేను పని నేర్పించిన కుర్రాళ్ళు ఇప్పుడు మేనేజర్లు. వాళ్ళ కింద, ఎప్పటిదో పాత జీతంతో మొదలుపెట్టమన్నారు. అక్కడైతే పావని చదువుకైనా డబ్బు పంపగలను."

"డబ్బు పంపితే సంసారమైపోద్దా అండీ?"

అతను చేతుల వంక చూసుకున్నాడు. "ఆ మాంసం కొట్టు ఉంది చూసేవా? పనుండి కార్క్ వెళ్ళినప్పుడల్లా ఆ వీధిలోంచే నడుస్తాను. మేడ మీద ఎవరో ఉంటున్నారు. కిటికీ అద్దానికి చిన్నపిల్లలెవరో కాగితం చేపలు అంటించేరు. ఆ ముసలావిడ ఏమీ అనలేదు కాబోలు."

కన్యక లేచి కిటికీ తలుపు దగ్గరికి వేసింది.

"నేను నిన్ననట్లేదు" అన్నాడు అతను.

"అనండి. గట్టిగా అనండి. ఒక్కసారైనా అంటే బావుణ్ణు."

అతను లేచి, తాగిన టీ గ్లాసు కడగడానికి వెళ్ళేడు. కుళాయి కూడా సన్నంగానే తిప్పేడు.

అతను వెళ్ళిపోయేక కన్యక పాత స్కూలుకెళ్ళి అడిగితే చేర్చుకున్నారు గానీ, హైస్కూలు ఖాళీ లేదని ఒకటో తరగతి, రెండో తరగతి ఇచ్చేరు. పిల్లల చేత ఎక్కాలు వల్లె వేయిస్తుంది. ఇల్లమ్మిన డబ్బు బ్యాంకులో ఉంది. దాంతో ఊళ్ళో ఏదైనా కొనుక్కోమని సూర్యకాంతమ్మ పోరుతూనే ఉంది. రెండు మూడు ఫ్లాట్లు చూసింది కన్యక. ఖాళీ గదుల్లో నిలబడితే, ఎవరి మంచం ఎక్కడ వెయ్యాలో తోచక బయటికొచ్చేసింది. ఇప్పుడామెకి సొంతిల్లంటే ఆశా లేదు, అద్దె ఇల్లంటే కోపమూ లేదు.

మొన్న ఆదివారం ఫణీంద్ర ఫోన్ చేసేడు. ఉన్న గదినే ఇంకో ఏడాదికి రాసుకున్నానని చెప్పేడు. ఒంటరి మగవాళ్ళకే ఇస్తారట.

"మంచిదే. గది వెచ్చగా ఉంటుందా?" అని అడిగింది కన్యక.

"ఫర్వాలేదు. పావనికివ్వు."

లోపలినుంచి పావని రానన్నట్టు చెయ్యి ఊపింది. దానికిప్పుడు తండ్రితో ఏం మాట్లాడాలో తెలియదు. చదువుకుంటోందని చెప్పి కన్యక ఫోన్ పెట్టేసి వరండాలోకి వచ్చింది.

కింద పెరట్లోంచి అప్పలకొండమ్మ తలెత్తింది. "అబ్బాయేనా అమ్మా? ఏటంటన్నాడు? పెయాణం ఎప్పుడంట?"

"మేం వెళ్ళట్లేదండి" అంది కన్యక. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

"ఓలమ్మో! మరి ఆయనే వచ్చేత్తాడేటి?"

"రారండి."

అప్పలకొండమ్మ చేట తీసుకుని నెమ్మదిగా లోపలికి వెళ్ళిపోయింది. దండెం మీద బట్టలు ఎండి చాలాసేపయింది. కన్యక వాటిని తియ్యలేదు.