అంచుదాకా అంబలి

పాతపట్నం వరిచేల మధ్య పెరిగిన నన్ను చీపురుపల్లి వైపు మాంగనీసు గనిలో పనిచేసేవాళ్లింటికి కోడలిగా ఇచ్చారు. ఇక్కడ మట్టి నలుపు, ఉతికి ఆరేసిన చొక్కా కూడా నలుపే. మొదటి ఏడాదంతా ఏడుపూ, కోపమూ.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉండేది. మగవాడు గనికి బయల్దేరే ముందు ఇల్లాలు ఇత్తడి గ్లాసు అంచుదాకా చోడి అంబలి, అదే రాగి జావ, పోసివ్వాలి. అతను గుమ్మంలో నిలబడి ఒంటిచేత్తో చుక్క ఒలక్కుండా తాగాలి. ఒలికితే ఆ రోజు పని లేదు. గనులు కొత్తగా తవ్వే రోజుల్లో ఎక్కడినుంచో కాలినడకన వలస వచ్చిన మా మామగారి ముత్తవ్వ పెట్టిన పద్ధతట. ఆవిడ పేరు ఎవరికీ గుర్తులేదు, గ్లాసు మాత్రం ఆవిడదే.

"ఎందుకత్తా ఇది?" అంటే, "నిండా పొయ్యి, సెయ్యికేసి సూడు," అనేది అత్త. చాదస్తం అనుకున్నాను. పదో తరగతి చదివినదాన్ని కదా!

పెళ్లయిన పదేళ్లకి ఒక పొద్దున్న మా ఆయన చేతిలో అంబలి ఒలికింది. అత్త గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. మర్నాడూ అదే. ఆయన దిగాలుగా చూస్తే జాలేసింది. అత్తకి చూపు ఆనదు. మూడోనాటి నుంచి సగమే పోశాను. చుక్క ఒలకలేదు. ఆయన నవ్వుతూ పనికి వెళ్లాడు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

రెండేళ్లలో ఆయన నడక తడబడింది, మాట ముద్దయింది, ముఖంలో నవ్వు పోయింది. గని దుమ్ము నరాలకెక్కిందన్నాడు డాక్టరు. "చెయ్యి వణికినప్పుడే పని మాన్పించాల్సిందమ్మా," అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది నా బతుకు. అత్త కాళ్ల మీద పడి జరిగింది చెప్పాను.

"ఎందుకో నాకూ తెల్దే. మా అత్త సూడమన్నాది, సూసినాను," అని ఏడ్చింది. తిట్టినా బాగుండేది.

ఇన్నేళ్లుగా ఆయనకి నేనే చెంచాతో అంబలి పడుతున్నాను. వద్దంటే వినకుండా కొడుకూ అదే గనిలో చేరాడు. కోడలికి కారణమంతా చెప్పి మరీ గ్లాసు అప్పగించాను.

నిన్న పొద్దున్న వంటింట్లోకి వెళ్తే, గ్లాసులో సగమే ఉంది.

"ఒసే, సగమే పోసినావేటి?" అన్నాను. కోడలు తల దించుకుంది.

గ్లాసు లాక్కుని అంచుదాకా నింపి, వెళ్లి గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాను.

"నా ఎదట తాగరా," అన్నాను.

వాడు చెయ్యి చాపలేదు.