సీమంతం గాజులు ఎక్కని చెయ్యి

2018లో, మా విడవలూరు వైపు వరికోతలు మొదలవుతున్న రోజుల్లో జరిగిన సంగతి ఇది. బజారులో నాకు గాజుల కొట్టు ఉంది. మా నాయన గాజుల మలారం భుజాన వేసుకుని మైపాడు దాకా తిరిగినవాడు. నేను కొట్టు పెట్టి కూర్చున్నాను. అయినా పెళ్ళికీ సీమంతానికీ మాత్రం పిలిచిన ఇంటికి వెళ్ళే తొడగాలి. ఆ పద్ధతి ఇప్పటికీ మారలేదు.

గాజుల సైజు గురించి కొంచెం చెప్పాలి. రెండు నాలుగు అంటే గాజు లోపలి వెడల్పు రెండు అంగుళాల నాలుగు వీసాలు. వీసం అంటే అంగుళంలో పదహారో వంతు. దాని పైది రెండు ఆరు, ఆ పైది రెండు ఎనిమిది. గాజు దాటవలసింది మణికట్టును కాదు, బొటనవేలి కింది ఎముకను. ఎముక పెరగదు కాబట్టి పెళ్ళయిన ఆడమనిషి సైజు తొందరగా మారదు. మనిషి ముఖం మరిచిపోయినా చెయ్యి మాకు గుర్తుంటుంది.

శిరీషది రెండు నాలుగు. అంతకు ముందు ఏడాది ఆమె పెళ్ళికి నేనే తొడిగాను. అత్తవారిది మా పక్క ఊరు, వరి పండించే కుటుంబం. అత్తగారు పెంచలమ్మ ఒకరోజు కొట్టుకు వచ్చింది.

"మాల్యాద్రీ, కోడలికి తొమ్మిదో నెల పడింది. పచ్చ గాజులు చేతినిండా ఎయ్యాల. పోయినసారి మాదిరి పాత సరుకు అంటగట్టబాక."

"నీకు అంటగట్టి ఈ బజార్లో బతకగలనా అక్కా. సైజు రెండు నాలుగే గదా?"

"పెళ్ళికి ఏసింది నువ్వే గదా, నన్నడగతావేంది. ఏడాదికే చెయ్యి మారిపోద్దా?"

రెండు నాలుగు గాజులే కట్టుకున్నాను. ఎందుకైనా మంచిదని రెండు ఆరు ఒక డజను వేసుకున్నాను.

సీమంతం ఉదయం పూట. శిరీషను కుర్చీలో కూర్చోబెట్టి చుట్టూ ముత్తైదువలు చేరారు. "ముఖం చూడండి, పూర్ణంబూరె మాదిరి ఉబ్బినాది. ఆడపిల్లే" అందొకామె. "కాదులే, అత్త పెట్టిందంతా బుగ్గల్లో దాచిపెట్టుకునింది" అందింకొకామె. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

చెయ్యి పట్టుకోగానే నాకు తెలిసింది. అది నేనెరిగిన చెయ్యి కాదు. వేలితో నొక్కితే పడిన గుంట వెంటనే పూడలేదు. పెళ్ళి ఉంగరం వేలికి లేదు. దారానికి గుచ్చి మెడలో వేసుకుని ఉంది. కడుపుతో ఉన్నవాళ్ళకు కాళ్ళకు నీరు రావడం మామూలే. చేతులు ఇంతగా వాయడం నేను చాలా తక్కువ చూశాను.

"నిదానంగా ఎయ్యన్నా" అంది శిరీష, నాకొక్కడికే వినపడేట్టు. "రెండు దినాలుగా తల పగిలిపోతావుంది. కళ్ళముందు మెరుపుల మాదిరి వస్తావుండాయి."

"ఇంతమంది నడుమ కూర్చోనుంటే అట్నే ఉంటాదమ్మా" అన్నాను.

మా వృత్తిలో ఒక కట్టుబాటు ఉంది. శుభం జరిగే చోట జబ్బు మాట ఎత్తకూడదు. సీమంతంలో గాజు ఎక్కలేదని మలారం కట్టేస్తే అపశకునం. అలా చేసినవాణ్ణి మరో ఇంటివాళ్ళు పిలవరు. నా హస్తవాసి మంచిదని ఈ చుట్టుపక్కల పేరు. ఆ పేరు మీదే నా కొట్టు నడుస్తోంది. పెంచలమ్మ "ముహూర్తం దాటిపోద్ది, ఎక్కతాయా?" అని అడిగితే, "ఎక్కకేమక్కా" అన్నాను.

బిగుతు గాజుకు మా దగ్గర ఒక ఉపాయం ఉంది. చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడిగి, సబ్బునీళ్ళు రాసి, దాని మీదుగా గాజు జార్చి, తర్వాత కవరు లాగేస్తాం. అలా కుడిచేతికి రెండు ఆరు గాజులు ఎక్కించాను. ఎడమచేతి దగ్గర ఒకటి ఎముక మీద ఆగిపోయింది. అక్కడ ఆపాల్సింది. నేను బొటనవేలు మడిచి తోశాను. గాజు చిట్లి, చర్మం తెగి, పసుపు మీద నెత్తురు కనిపించింది. ఆ అమ్మాయి అరవలేదు.

"ఏమైంది?" అంది పెంచలమ్మ.

"అమ్మాయి చెయ్యి లాక్కునిందక్కా" అన్నాను.

ఆలోచించి అన్నమాట కాదు. నోటికి వచ్చింది, అనేశాను. శిరీష తలెత్తి నన్ను చూసింది. వెనకనుంచి ఒక పెద్దామె, "సీమంతం గాజులు గదా మే, ఆ మాత్రం ఓర్చుకోలేవా" అంది.

ఆ తర్వాత రెండో వారంలో కడుపులో బిడ్డ కదలడం లేదని ఆమెను నెల్లూరు తీసుకుపోయారు. అప్పటికే బిడ్డ గుండె ఆగిపోయిందట. మగబిడ్డ. తల్లికి బీపీ ప్రమాదకరంగా ఉందని కొన్నాళ్ళు అక్కడే ఉంచి బతికించారు. సూది పెట్టడానికి గాజులు దిగకపోతే, గుడ్డ చుట్టి ఒక్కొక్కటే చిదిపి తీశారని తర్వాత తెలిసింది. అవి నేను ఎక్కించిన గాజులే.

కొన్నాళ్ళకు మా హెల్త్ సెంటర్ నర్సమ్మ కొట్టుకు వచ్చింది. "సీమంతం అయినాక చెకప్‌కు వస్తామన్నారు, రాలేదన్నా. ఆ రోజు చేతులు ఎట్టుండాయి?" అని అడిగింది. చూసినదంతా చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. ప్రీ-ఎక్లాంప్సియా అనే మాట అప్పుడే మొదటిసారి విన్నాను. కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరిగి, బిడ్డను పోషించే మాయకు రక్తం సరిగా అందకుండా పోయే స్థితి అది. చేతులూ ముఖమూ ఉన్నట్టుండి ఉబ్బడం, తగ్గని తలనొప్పి, కళ్ళముందు మెరుపులు దాని గుర్తుల్లో కొన్ని. ఒక్కోసారి ఏ గుర్తూ లేకుండానే వస్తుందట, అందుకే బీపీ చూపించుకోవడం మానకూడదట.

"ఆ పొద్దే వచ్చుంటే బిడ్డ బతికేవాడా?" అని అడిగాను.

"బతికేవాడని చెప్పలేనన్నా. చూసుంటే ఏదో ఒకటి చేసేదానికి వీలుండేది" అంది.

ఊరు మాత్రం మరో కారణం చెప్పుకుంది. సీమంతంలో చెయ్యి లాక్కుంది, గాజు చిట్లింది, బిడ్డ పోయాడు. ఆ మాట చేలల్లో, బస్సులో, నా కొట్టు ముందు కూడా విన్నాను. విని గాజులు సర్దుకున్నాను.

రెండేళ్ళ తర్వాత శిరీష ఒక్కతే కొట్టుకు వచ్చింది. మళ్ళీ మూడో నెల. చేతులకు ఒక్కొక్క ప్లాస్టిక్ గాజు ఉంది. ఈసారి సీమంతం వద్దన్నారని, తనది అచ్చిరాని చెయ్యి అంటున్నారని చెప్పింది.

"ఒకటి అడగతా, నిజం చెప్పన్నా. ఆ పొద్దు నేను చెయ్యి లాగినానా? లాగలేదనే అనుకునేదాన్ని. అందరూ అంటావుంటే ఇప్పుడు నాకే తెలీకుండా పోయింది. రేపు ఈ బిడ్డకు ఏమైనా అయితే అదీ నా చెయ్యేనా?"

నేను చేసిన పాడుపని ఎంత దూరం పోయిందో అప్పుడు తెలిసింది. బిడ్డ పోయిన తల్లికి, తన చెయ్యి ఏం చేసిందో తనకే తెలియకుండా చేశాను. "లేదమ్మా. నేనే తోసినా" అన్నాను. ఆమె కొట్టు మెట్టు మీద కూర్చుని చాలాసేపు ఏడ్చింది.

ఆ సాయంత్రమే పెంచలమ్మ ఇంటికి వెళ్ళి ఉన్నదంతా చెప్పాను. వాపు చూశానన్నాను, తలనొప్పి అంటే కొట్టిపారేశానన్నాను, పేరు పోతుందని అబద్ధమాడానన్నాను. తిడుతుందనుకున్నాను. ఆమె వడ్లు చెరుగుతున్న చేట పక్కన పెట్టింది.

"ఉంగరం ఏలికి పట్టకపోతే దారానికి గుచ్చి మెళ్ళో ఏసింది నేనే మాల్యాద్రీ" అంది. "సీమంతం పొద్దు ఆస్పత్రి మొగం ఎందుకని ఆపింది నేనే. నువ్వన్న మాట నాకు సుకంగా ఉన్నింది. అందుకే పట్టుకున్నా."

శిరీషకు రెండో కాన్పు వరకూ బీపీ చూపిస్తూ, మందులు వాడించారు. ఆడపిల్ల పుట్టింది. ఆ సంతోషం మొదటి బిడ్డను తిరిగి తేలేదు. ఆ పిల్లాడి మాట ఎత్తితే ఆమె ఇప్పటికీ ఎడమచేతి మచ్చను కొంగుతో కప్పుకుంటుంది.

ఇప్పుడు సీమంతానికి వెళ్తే అన్ని సైజులూ పట్టుకుపోతాను. పాత సైజు దాటి చెయ్యి ఉబ్బి ఉంటే అందరి ముందే చెప్తాను, ముందు బీపీ చూపించండి, తర్వాతే గాజులని. రెండు ఇళ్ళవాళ్ళు నన్ను పిలవడం మానేశారు. వాళ్ళ తప్పు లేదు, శుభం నాడు ఆ మాట ఎవరికీ ఇష్టముండదు. చేతిలో ఉన్న చెయ్యి చెప్పేది వినకపోతే నా హస్తవాసికి అర్థం లేదని మాత్రం నేర్చుకున్నాను.

శిరీషను అడిగే ఇది రాస్తున్నాను. మా ఊళ్ళో ఆ పాత మాట ఇంకా అనేవాళ్ళున్నారు, వాళ్ళు చదవాలని. ఆ రోజు గాజు చిట్లి నెత్తురు వచ్చినా ఆమె చెయ్యి లాక్కోలేదు. నేను అబద్ధం చెప్పి ముగించేదాకా, నా చేతిలోనే ఉంచింది.