పేరు రాయించుకున్న పట్టిక

కరోనా తర్వాత తరగతులు మళ్ళీ గాడిన పడిన ఏడాది, జులై మొదటి వారంలో, నిజామాబాదు పట్టణంలోని ఒక ప్రైవేటు డిగ్రీ, పీజీ కాలేజీలో నన్ను బోధనా సహాయ విభాగానికి సమన్వయకర్తగా వేశారు. విభాగమంటే మెట్ల కింద ఒక గది, రెండు కుర్చీలు, తాళం సరిగా పడని బీరువా, నేను. అప్పటికి అసోసియేట్ ప్రొఫెసర్ హోదాలో కెమిస్ట్రీ చెబుతున్నాను. రిటైర్మెంటుకు మూడేళ్ళుంది. లెక్చరర్లు తరగతిలో ఎలా చెబుతున్నారో చూసి, ఇంకా బాగా చెప్పడానికి సాయపడటం నా కొత్త పని. ఇది తనిఖీ కాదు, సాయం అని స్టాఫ్ రూములో అందరికీ చెప్పాను. నేనూ నమ్మాను.

పద్ధతి ఇది. లెక్చరరు పిలిస్తేనే వెళ్ళాలి. చివరి బెంచీలో కూర్చుని, రెండు నిమిషాలకొకసారి ఏం జరుగుతోందో పట్టికలో గుర్తు పెట్టాలి. లెక్చరరు పిల్లలతో మాట్లాడుతున్నారా, బోర్డు మీద రాస్తున్నారా, ఎవరైనా ప్రశ్న అడిగారా, అంతే. మన అభిప్రాయం రాయకూడదు. గంట చివర పిల్లలు తమకు అర్థం కానిది ఒక చీటీ మీద రాసిస్తారు. చీటీ మీద పేరు ఉండకూడదని నియమం పెట్టింది నేనే. పేరు రాయమంటే ఎవడూ నిజం రాయడు, అంతా అర్థమైందని రాసి బయటపడతాడు. లెక్చరరు పట్టిక పైన మాత్రం పేరు, సబ్జెక్టు, తేదీ, ఇద్దరి సంతకాలు ఉండేవి. ఆ ఫారం గీసిందీ నేనే.

పర్మనెంటు వాళ్ళు నాకు చాయ్ తాగించి మర్యాదగా పంపేశారు. మిగిలింది గెస్ట్ లెక్చరర్లు, అంటే గంటల లెక్కన పనిచేస్తూ, వచ్చే ఏడాది ఉంటామో లేదో తెలియక ప్రతి మే నెలలో ప్రిన్సిపాల్ గది ముందు నిలబడేవాళ్ళు. కెమిస్ట్రీలో అలాంటివాళ్ళు ఇద్దరు. విఠల్ నన్ను గడప దాటనివ్వలేదు. "మీరొచ్చి ఎనుక కూసుంటే పిల్లలు నన్నేం లెక్క చేస్తరు సార్?" అన్నాడు. గంగామణి తనే వచ్చి పిలిచింది. తల్లి బీడీలు చుట్టి చదివించిన పిల్ల. రోజూ బోధన్ నుంచి బస్సులో వచ్చేది. "ఉన్నదున్నట్టు రాయుండ్రి సార్. మంచిగ చెప్పుడు నాకింకా రాలే" అంది.

ఉన్నది ఉన్నట్టే రాశాను. యాభై నిమిషాల గంటకు ఇరవై అయిదు గుర్తులు. అందులో ఇరవై ఒకటి ఆమె బోర్డు వైపు తిరిగి ఉన్నప్పటివి. ప్రశ్నల గడి ఖాళీ. ఇంకొకరైతే మొహం మాడ్చుకునేవాళ్ళు. ఆమె పట్టికను రెండుసార్లు చూసి, "గింత సేపు గోడకే చెప్పిన్నా సార్?" అని నవ్వి, సంతకం పెట్టింది.

ఆ తర్వాత మూడు నెలలు వారానికోసారి కూర్చుని పాఠాలు విప్పి మళ్ళీ కట్టాం. నవంబరులో, చెరుకు కోతలు మొదలైన రోజుల్లో, చక్కెర రెండు సాదా చక్కెరలుగా విడిపోయే పాఠం వచ్చింది. సమీకరణం రాయకముందే గంగామణి పిల్లలవైపు తిరిగి, కోసిన చెరుకు మూడు రోజులు లారీలోనే ఉంటే ఏమవుతుందని అడిగింది. నా పక్కన కూర్చున్న అమ్మాయి, అప్పటిదాకా క్లాసులో నోరు విప్పనిది, లేచింది. "రసం పులుస్తది మేడం, చక్కెర తక్కువ పడుతది. మా బాపు గందుకే కోసిన దినమే తోలిస్తడు." ఇక క్లాసంతా లేచింది. గంట కొట్టినా ఎవరూ కదల్లేదు. నా సర్వీసులో చూసిన మంచి పాఠాల్లో అదొకటి. అయితే మొదటి పరిశీలనకే పట్టిక, తర్వాత చూసేవాటికి అక్కర్లేదని నేను పెట్టుకున్న పద్ధతి. ఆ రోజు ఖాళీ చేతులతో కూర్చుని ఆనందించాను.

ఫిబ్రవరిలో కాలేజీకి గ్రేడు ఇచ్చే బృందం వస్తోందన్నారు. విభాగం పనిచేసినట్టు రుజువు కావాలని, ఒరిజినల్ పట్టికలే ఫైలులో పెట్టమని ప్రిన్సిపాల్ అడిగాడు. పేర్లు కప్పి జిరాక్సులు తీయిద్దామనుకున్నాను. రెండు రోజుల పని. బద్ధకించాను. బద్ధకమొక్కటే అంటే అబద్ధమవుతుంది. నా పని పదిమందికీ కనబడాలని నాకూ ఉంది. ఇచ్చేశాను. బృందం నాలుగు పేజీలు తిప్పి మెచ్చుకుంది. నాకు శాలువా కప్పారు.

మే నెలలో అడ్మిషన్లు తగ్గాయని కెమిస్ట్రీలో ఒక గెస్ట్ పోస్టు తీసేయాలన్నారు. ఎవరిని తీయాలో తేల్చే కమిటీ ముందు ఆ ఫైలు పెట్టారు. గంగామణి పేరు మీద బోర్డు వైపు తిరిగిన ఇరవై ఒక్క గుర్తులున్నాయి. విఠల్ పేరు మీద ఏమీ లేదు. ఏమీ లేనివాడి మీద ఫిర్యాదు కూడా లేదన్నారు. గంగామణిని తీసేశారు.

విషయం తెలిసి ప్రిన్సిపాల్ గదికి పరుగెత్తాను. చెరుకు పాఠం గురించి గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆయన అంతా విని, దానికి కాగితం ఉందా అని అడిగాడు. లేదన్నాను. పట్టికను నా వైపు తిప్పి, ఈ సంతకం మీదే కదా అన్నాడు.

జూన్‌లో బోధన్ వెళ్ళాను. గంగామణి కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చింది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది. "మీరు రాసింది అబద్ధం కాదు సార్" అంది. ఆ వెంటనే, "పిల్లల చీటీల మీద పేరొద్దన్నరు గద. మరి నా కాయితం మీదెందుకు రాయించిండ్రు?" అని అడిగింది. నీళ్ళు తాగి, లేచి వచ్చేశాను.

తర్వాతి జులైలో పేరు గడి తీసేసి కొత్త ఫారాలు అచ్చు వేయించాను. రిటైరయ్యేదాకా ఒక్కరూ పిలవలేదు. ఆ కట్ట బీరువాలో అలాగే ఉండిపోయింది. విఠల్ ఇప్పటికీ అక్కడే పాఠం చెబుతున్నాడు. ఎలా చెబుతాడో నాకు తెలియదు.

సాయం కోసం రాసిన కాగితం మీద పేరుంటే, అది ఎప్పుడో ఒకప్పుడు తనిఖీ కాగితమవుతుంది. ఇది నాకు కొత్తగా తెలిసిన సంగతి కాదు. పిల్లలు భయపడతారని వాళ్ళ చీటీల మీద పేరు తీయించినవాణ్ణి నేనే. గంగామణి భయపడలేదు కాబట్టి ఆమె పేరు ఉంచాను.