గిర్నీలో మూడు కంపెనీల కరెంటు

అశోక్‌నగర్‌లో నేను అద్దెకున్న గది నుంచి చిక్కడపల్లి పిండి గిర్నీకి నాలుగు వందల మీటర్లు. నడిస్తే అయిదు నిమిషాలు. గిర్నీ మోటారు అయిదు హార్స్‌పవర్, మూడు ఫేజులది, అంటే మూడు తీగల కరెంటుతో తిరిగేది. తొంభైల చివర్లో ఆ దారిలో ఎవరు కలిసినా ఒకటే మాట: విద్యుత్ సంస్థను ముక్కలు చేస్తారట, చార్జీలు పెరుగుతాయట. నారాయణగూడ హోటల్లో చాయ్ చల్లారేలోగా సంస్థ ఒకసారి చీలి మళ్లీ అతుక్కునేది. ఆ సంస్థలోనే కొత్తగా చేరిన ఇంజినీరును కనుక, నాకు తెలియనిది లేదని వీధి నమ్మేది. (నేనూ నమ్మేవాణ్ణి.)

గిర్నీ యజమానిని అందరూ గిర్నీ కాక, అంటే గిర్నీ బాబాయి, అనేవారు. జొన్నలు పట్టించడానికి వెళ్లిన ఒక ఆదివారం, ఈ ముక్కల సంగతేమిటని ఆయన అడిగారు. నేను అట్టముక్క తీసుకుని పద్ధతిగా మూడు గీతలు గీశాను: కరెంటు పుట్టించేవారికి ఎరుపు, దూరం నుంచి మోసుకొచ్చేవారికి పసుపు, ఇంటింటికీ పంచేవారికి నీలం. ఎవరి ఖర్చు వారు వేరుగా చూపుతారని కూడా వివరించాను. కాక శ్రద్ధగా తలూపారు. ఫేజులను గుర్తించేది కూడా ఆ మూడు రంగులతోనే. ఆయన తల పక్కనున్న మూడు ఫ్యూజులకూ అవే పూసి ఉన్నాయి. అది నా దృష్టికి రాలేదు.

మర్నాడు సాయంత్రం ఆఫీసు నుంచి వస్తుంటే గిర్నీ ముందు జనం, గాలిలో మోటారు తీగల వార్నిష్ మాడిన వాసన. కాక, నడుస్తున్న మోటారుకు పసుపు ఫ్యూజు పీకేశారు. మోటారు ఆగలేదు. (తిరుగుతున్న మోటారు ఒక ఫేజు పోయినా మూలుగుతూ తిరుగుతుంది, భారమంతా మిగిలిన రెండింటిపై పడి వేడెక్కుతుంది.) తన లెక్క నిజమైందనుకుని ఆయన పది కిలోల గోధుమలు పోశారు. సగం పిండయ్యేసరికి పొగ లేచింది.

ఎందుకు పీకారని అడిగాను.

"ఇయ్యాల గిరాకి తక్కువున్నది బిడ్డా. రెండు కంపెనీల కరెంటు సరిపోతదనుకున్న. మోసుకొచ్చేటోనికి ఉత్తగ ఎందుకియ్యాలె?"

"మోసుకొచ్చేటోడు లేకుంటే కరెంటు నడిచొస్తదా?" అంది ఆయన భార్య, గోధుమలు తిరిగి సంచిలోకి ఎత్తుతూ. విద్యుత్ సంస్కరణల సారాంశం ఆమెకు నేను చెప్పకుండానే బోధపడింది.

ఆ ఇంటికి గిర్నీ తప్ప మరో ఆధారం లేదు. కాక మోటారును చూపిస్తూ అడిగారు: "సరే గాని బిడ్డా, గిప్పుడు దీని పైసలు ఏ కంపెనీని అడగాలె?"

మూడింటి బాధ్యతలూ కంఠస్థమైన నేను నీళ్లు నమిలాను. తర్వాత సంస్థ నిజంగానే చీలింది. అదే ప్రశ్న నన్ను ఎందరో వినియోగదారులు అడిగారు. అది పక్కవారి పరిధి అని తడుముకోకుండా చెప్పడం నేర్చుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే, ఆ రోజు జవాబు దొరక్క నిలబడ్డ కుర్రవాడే కాస్త మెరుగనిపిస్తాడు.

మొత్తం నష్టం: మోటారు రీవైండింగు ఒకటి, గిర్నీ మూత మూడు రోజులు, పొగచూరిన పిండి అయిదు కిలోలు. రీవైండింగు ఖర్చులో సగం నాది.